సిప్రో మాత్ర బ్యాక్టీరియాను ఎక్కడ పట్టుకుంటుంది?

పోయిన నెల జ్వరాల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మందుల కుటుంబం చుట్టూ తిరిగాయి. సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్, నార్‌ఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్, మాక్సిఫ్లాక్ససిన్... పేరు చివర 'ఫ్లాక్ససిన్' అని ఉంటే చాలు, అవన్నీ అన్నదమ్ముల బిడ్డలే. డాక్టర్లు వీటిని ఫ్లోరోక్వినలోన్లు అంటారు. నేను రోజూ ఆస్పత్రి ల్యాబ్‌లో కల్చర్ ప్లేట్లు చూసే మైక్రోబయాలజిస్టుని కాబట్టి ఈ మందులు పనిచేయడమూ, పనిచేయకుండా పోవడమూ రెండూ కళ్లారా చూస్తున్నాను. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సిప్రోఫ్లాక్ససిన్ 'డీఎన్‌ఏ గైరేజ్‌ను అడ్డుకుంటుంది' అని నోట్సులో ఒక్క ముక్క ఉంది. పరీక్షకు సరిపోతుందేమో కానీ నాకైతే అర్థం కాలేదు. డీఎన్‌ఏ మనలోనూ ఉంది కదా, మన కణాలకు ఏమీ ఎందుకు కాదు?
– ఒక విద్యార్థి, ఖమ్మం

ముందు ఒక పని చెయ్యి బాబూ. రెండు పోగులు కలిపి పేనిన పురికొస ఒక మూర తీసుకుని, ఒక చివర కిటికీ ఊచకు గట్టిగా కట్టు. రెండో చివర ఉన్న పోగులను చెరో చేత్తో పట్టుకుని విడదీస్తూ పో. మొదట నాలుగు వేళ్ల మేర హాయిగా విడిపోతుంది. ఆ తర్వాత చూడు, ముందున్న తాడు బిగుసుకుపోయి, మెలికలు తిరిగి, ఉండ చుట్టుకుంటుంది. ఇక ఎంత లాగినా కదలదు. ఊచకు కట్టిన చివర విప్పి తాడును తిప్పితే తప్ప పని ముందుకు సాగదు.

బ్యాక్టీరియాకు ఉన్న చిక్కు సరిగ్గా ఇదే, పైగా దానికి విప్పుకోవడానికి చివరే లేదు. ఎందుకంటే ఇ.కోలై లాంటి బ్యాక్టీరియాలో డీఎన్‌ఏ గాజులాగా గుండ్రంగా ఉంటుంది. ఆ గాజును తెంపి సాపుగా పరిస్తే దాదాపు 1.6 మిల్లీమీటర్ల పొడవు, అది ఇమిడి ఉన్న కణమేమో మిల్లీమీటరులో ఐదువందల వంతు, అంటే తనకంటే 800 రెట్లు పొడవైన తాడును కడుపులో పెట్టుకుని బతుకుతోందన్నమాట. ఆ తాడులో సుమారు 46 లక్షల రసాయన 'అక్షరాల' జతలు ఉంటాయి, పదిన్నర జతలకో చుట్టు చొప్పున నాలుగు లక్షలకు పైగా చుట్లు. రెండు పోగులనూ విడదీసి నకలు తీసే యంత్రం సెకనుకు సుమారు వెయ్యి అక్షరాల వేగంతో దూసుకుపోతుంది. అంటే ఆ యంత్రం ముందు ప్రతి సెకనుకూ వంద చుట్ల దాకా బిగువు పోగుపడుతూ ఉంటుంది. నీ చేతిలో పురికొస నాలుగు వేళ్లకే ఆగిపోయింది, అక్కడ ఏమవుతుందో ఊహించుకో.

గైరేజ్ అనే ఎంజైమ్ చేసే పని ఆ బిగువు తీయడం. అది చేసే తీరు నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది. డీఎన్‌ఏ రెండు పోగులనూ అది కత్తిరిస్తుంది, తెగిన కొసలను జారిపోకుండా తనే రెండు చేతులా పట్టుకుంటుంది, ఆ సందులోంచి తాడులోని ఇంకో భాగాన్ని దాటిస్తుంది, మళ్లీ కొసలు కలిపి అతికేస్తుంది. ఒక్కసారి ఇలా చేస్తే రెండు చుట్ల బిగువు పోతుంది. దీనికి టోపోఐసోమరేజ్-4 అనే తోబుట్టువు కూడా ఉంది. నకలు పూర్తయ్యాక రెండు గాజులూ గొలుసు లంకెల్లా ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి కదా, వాటిని విడదీసి పిల్ల కణాలకు చెరొకటి అందేలా చూసేది ఇదే.

ఇప్పుడు సిప్రో సంగతి. గైరేజ్ కత్తిరించడానికి సిప్రో అడ్డుపడదు, చాలామంది పొరబడేది ఇక్కడే. కత్తిరించనిస్తుంది, కత్తిరించిన చోట మేకులా దిగబడుతుంది. రెండు పోగులూ నాలుగు అక్షరాల ఎడంతో తెగుతాయి, తెగిన ఒక్కో చోటా ఒక్కో మందు అణువు దూరి కూర్చుంటుంది. ఇక గైరేజ్ ఆ కొసలను అతకలేదు, వదిలిపెట్టనూ లేదు. వెనక నుంచి నకలు తీసే యంత్రం వచ్చి దాన్ని ఢీకొంటుంది, డీఎన్‌ఏ అక్కడ నిజంగానే రెండుగా తెగిపోతుంది. ఇలా పది చోట్ల తెగితే ఆ కణం ఇక కోలుకోదు. కంచే చేను మేసినట్టు, బ్యాక్టీరియా తన డీఎన్‌ఏను కాపాడుకోవడానికి పెట్టుకున్న కత్తెరే దాని డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. అందుకే ఈ మందులు బ్యాక్టీరియా పెరుగుదలను ఆపి ఊరుకోవు, చంపేస్తాయి.

మన కణాల్లోనూ ఈ పని చేసే ఎంజైమ్ ఉంది, నీ అనుమానం సరైనదే. కానీ సిప్రో బ్యాక్టీరియా గైరేజ్‌ను నేరుగా పట్టుకోదు. మధ్యలో ఒక మెగ్నీషియం అయాన్‌ను వంతెనలా వేసుకుని, అవతల గైరేజ్‌లో ఉండే సెరీన్ అనే అమైనో ఆమ్లం, దాని దగ్గర్లోనే ఉండే ఆమ్ల గుణపు ఇంకో అమైనో ఆమ్లం, ఈ రెండింటి దగ్గర పట్టు సంపాదిస్తుంది. మన ఎంజైమ్‌లో ఆ చోట ఆ రెండూ లేవు, వంతెనకు అవతలి గట్టు లేదన్నమాట. మన ఎంజైమ్‌ను ఇబ్బంది పెట్టాలంటే వందల రెట్లు ఎక్కువ మందు కావాలి. మన ఎంజైమ్‌నే పనిగట్టుకుని ఇలా ఇరికించే మందులు వేరే ఉన్నాయి, ఎటోపోసైడ్ అలాంటిదే. దాన్ని క్యాన్సర్‌కు వాడతారు.

ఈ 'వంతెన' మాట గుర్తు పెట్టుకో, కింద మళ్లీ రెండుసార్లు వస్తుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ కుటుంబంలో మొదటిది నాలిడిక్సిక్ యాసిడ్. అమెరికాలో జార్జ్ లెషర్ బృందం మలేరియా మందు క్లోరోక్విన్ తయారీలో పక్కన మిగిలిన ఒక పదార్థం నుంచి దాన్ని పట్టుకుని 1962లో ప్రకటించింది. గైరేజ్ అనేది ఒకటుందని మార్టిన్ గెల్లర్ట్ బృందం కనిపెట్టింది 1976లో. అంటే పద్నాలుగేళ్ల పాటు మందు చేతిలో ఉంది, అది ఎక్కడ పట్టుకుంటుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ తర్వాత అణువుకు ఫ్లోరిన్ తగిలించడంతో నార్‌ఫ్లాక్ససిన్, దాని వెనకే సిప్రో వచ్చాయి. సిప్రోకు అమెరికాలో అనుమతి 1987లో దొరికింది.

ప్రశ్న: మాత్ర పట్టుకుని కడుపులో మంట పుడుతుందని మా అత్తయ్య నాకు గ్లాసుడు పాలతో సిప్రో వేయిస్తోంది. మందుల షాపులో పాలు వద్దన్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

ఈ ఒక్క విషయంలో షాపతను చెప్పిందే వినండమ్మా. మీ అత్తయ్యగారిది ప్రేమే, కానీ ఆ పాలు మందును కడుపులోనే పట్టేసుకుంటాయి. పైన చెప్పిన వంతెన గుర్తుందా? గైరేజ్ దగ్గర మెగ్నీషియంను పట్టుకునే సిప్రో 'చెయ్యే' పాలలోని క్యాల్షియంను కూడా పట్టుకుంటుంది. పట్టుకున్నాక ఆ జంట పేగు గోడ దాటి రక్తంలోకి సరిగ్గా పోదు. పాలతోనో పెరుగుతోనో వేసుకుంటే సిప్రోలో మూడో వంతు దాకా వృథా అవుతుంది, నార్‌ఫ్లాక్ససిన్‌కైతే నష్టం ఇంకా ఎక్కువ.

పాలకంటే పెద్ద శత్రువు గ్యాస్ మందు. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గులాబీ రంగు, తెల్ల రంగు గ్యాస్ సిరప్పులు ఇంటింటా ఉంటాయి. సిప్రో వేసుకుని వెంటనే రెండు చెంచాలు ఆ సిరప్ తాగితే మందులో చాలా భాగం ఒంటికి పట్టకుండానే పోతుంది. ఐరన్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు, జింక్ మాత్రలు అన్నీ ఇదే లెక్క. సిప్రోను వీటికంటే 2 గంటలు ముందైనా వేసుకోవాలి, లేదా ఇవి తీసుకున్న 6 గంటల తర్వాతైనా వేసుకోవాలి. మంట అనిపిస్తే ఇడ్లీయో అన్నమో తిని నిండుగా నీళ్లతో వేసుకోండి. అన్నంలో కాస్త మజ్జిగ కలిస్తే కొంప మునగదు కానీ, మాత్ర వేసుకునే పూట పెరుగన్నం పక్కన పెట్టి చారుతో కానివ్వండి.

మాత్ర 'సగమే పట్టడం' వల్ల జ్వరం ఆలస్యంగా తగ్గడం ఒక్కటే నష్టం అనుకోకండి. చచ్చేంత మందు అందని బ్యాక్టీరియా బతికి బయటపడి, మందును ఎలా తప్పించుకోవాలో నేర్చుకుంటుంది. కింది ఉత్తరం అదే కథ.

ప్రశ్న: నా వయసు 46, షుగర్ ఉంది. మూడేళ్లుగా యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తూ పోతూ ఉంది. మొదట్లో నార్‌ఫ్లాక్స్ మూడు రోజులు వాడితే తగ్గిపోయేది, తర్వాత సిప్రో, తర్వాత లీవో. ఈసారి దేనికీ తగ్గలేదు. కల్చర్ చేయిస్తే మూడింటి పక్కనా 'ఆర్' అని వచ్చింది. మూడూ వేరే వేరే మందులు కదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

పేర్లు వేరు, పట్టుకునే చోటు ఒక్కటే. తాళం ఒకటే అయినప్పుడు ఒకే అచ్చులో పోసిన మూడు తాళంచెవులు మార్చి మార్చి పెడితే ఏం లాభం చెప్పండి? మీ ఒంట్లోని ఇ.కోలై ఆ తాళాన్నే మార్చేసుకుంది.

ఆ 'ఆర్' ఎలా వస్తుందో చెబుతాను. మీ యూరిన్‌లో పెరిగిన బ్యాక్టీరియాను ఉప్పునీటిలో కలిపి, దూదిపుల్లతో గుండ్రటి ప్లేటు మీద పూస్తాం. ప్లేటులో లేత గడ్డి రంగు అగార్ ఉంటుంది, చూడ్డానికి గట్టిపడిన గంజిలా. దాని మీద రకరకాల మందులు ఇంకించిన కాగితం బిళ్లలు పెడతాం. ఒక్కోటి 6 మిల్లీమీటర్లే, బొట్టుబిళ్ల కంటే చిన్నది. సిప్రో బిళ్లలో ఉండే మందు 5 మైక్రోగ్రాములు. రాత్రంతా 35 డిగ్రీల వేడిలో ఉంచి పొద్దున తీస్తే, ప్లేటంతా బ్యాక్టీరియా మీగడలా పరుచుకుని ఉంటుంది, మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు ఖాళీ వలయం కనిపిస్తుంది. దాన్ని స్కేలుతో కొలుస్తాం. ఇ.కోలైకి సిప్రో బిళ్ల చుట్టూ 26 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటే మందు పనిచేస్తుందని 'ఎస్' రాస్తాం. 21, అంతకంటే తక్కువైతే 'ఆర్'. మీలాంటి వారి ప్లేట్లలో వలయమే ఉండదు. మీగడ బిళ్ల అంచు దాకా వచ్చి ఆనుకుని ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి ప్లేటు కనిపిస్తే పక్కవాళ్లను పిలిచి చూపించేదాన్ని. ఇప్పుడు ఒక్క ఉదయం బల్ల మీద ఉన్న యూరిన్ ప్లేట్లలో సగానికి పైగా అలాగే ఉంటున్నాయి. ఆ బల్ల ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

తాళం ఎలా మారిందంటే, గైరేజ్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే చాలు, వంతెనకు అవతలి గట్టుగా ఉన్న సెరీన్ స్థానంలో ఇంకో అమైనో ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. మందుకు పట్టు దొరకదు. గైరేజ్ మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. కోటానుకోట్ల బ్యాక్టీరియాలో ఎక్కడో ఒకదానికి ఇలాంటి మార్పు దానంతటదే వస్తుంది. మందు మిగతావాటిని చంపేస్తే ఆ ఒక్కటే మిగిలి ఇల్లంతా తనదే చేసుకుంటుంది. మొదటి మార్పుతో కొద్దిగా మొండిదవుతుంది, రెండోది, మూడోది తోడైతే మాత్రకు అస్సలు లొంగదు. ఇది చాలదన్నట్టు మందును బయటికి తోడిపోసే పంపులు పెంచుకునేవి కొన్ని. గైరేజ్‌ను కాపాడే ప్రోటీన్ తయారుచేసే జన్యువును ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో బ్యాక్టీరియా అరువు తెచ్చుకోగలదని 1998లో బయటపడింది. దాని పేరు క్యూఎన్‌ఆర్.

మీరు చేయాల్సింది ఇదమ్మా. ఇకమీదట లక్షణాలు మొదలవగానే మాత్ర వేసుకోకుండా, ముందు కల్చర్‌కు యూరిన్ ఇవ్వండి. రిపోర్టులో నైట్రోఫ్యురంటాయిన్, ఫాస్ఫోమైసిన్ పక్కన 'ఎస్' ఉందేమో చూసి మీ డాక్టర్‌తో మాట్లాడండి. మూత్రాశయం వరకే ఉన్న మామూలు ఇన్ఫెక్షన్‌కు ఇవాళ మొదట చూడాల్సినవి అవే. అయితే మీకు షుగర్ ఉంది కాబట్టి కిడ్నీల పనితీరు చూసుకునే ఇవ్వాలి. జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి ఉంటే సంగతి వేరు, అప్పుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికే వెళ్లాలి. ఇంకొకటి, మంట, నొప్పి ఏమీ లేకుండా కేవలం రిపోర్టులో బ్యాక్టీరియా కనిపించిందని మందు వాడకండి. గర్భిణులకు, యూరాలజీ ఆపరేషన్ ముందు ఉన్నవాళ్లకు తప్ప అది అక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి నాలుగు రోజులుగా జ్వరం. మా ఊరి ఆర్‌ఎంపీ విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అని ఆఫ్లాక్ససిన్ ఇచ్చారు. మా చిన్నప్పుడు నాన్నకు ఇదే మందుతో తగ్గింది. వాడొచ్చా?
– ఒక పాఠకుడు, ఆసిఫాబాద్

మీ నాన్నగారికి తగ్గిన మాట నిజమే. 1990 ప్రాంతంలో టైఫాయిడ్ పాత మందులకు, క్లోరాంఫెనికాల్‌తో సహా, లొంగకుండా పోయినప్పుడు సిప్రో, ఆఫ్లాక్ససిన్లే ఎంతోమంది ప్రాణం నిలబెట్టాయి. అప్పట్లో అవి వరప్రసాదమే. కానీ అప్పటి టైఫాయిడ్ క్రిమి వేరు, ఇప్పటిది వేరు. పైన చెప్పిన ఆ సెరీన్ మార్పు ఇవాళ మన దేశంలో దొరికే టైఫాయిడ్ క్రిముల్లో దాదాపు అన్నింటిలోనూ ఉంది. ఆఫ్లాక్ససిన్ ఇస్తే నాలుగు రోజులు, ఐదు రోజులు జ్వరం అలాగే ఉంటుంది, ఈలోపు పేగుకు రంధ్రం పడే ప్రమాదం దగ్గరవుతుంది. ఇప్పుడు మామూలుగా ఇచ్చేవి అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, పరిస్థితి బాగోలేకపోతే సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్.

అసలు అది టైఫాయిడేనా అన్నది ముందు తేలాలి. ఒక్కసారి చేసిన విడాల్‌ను నమ్మి మందు మొదలుపెట్టడం సరికాదు. ఎప్పుడో వచ్చి పోయిన ఇన్ఫెక్షన్‌కో, వేసిన టీకాకో కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందే, బ్లడ్ కల్చర్‌కు రక్తం ఇవ్వడం సరైన దారి. మీ ప్రాంతంలో మలేరియా, డెంగీ కూడా చూడాలి కదా. దయచేసి ఈ పేజీ చదివిన రోజే అబ్బాయిని ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి, ఎన్ని వేశారో డాక్టర్‌కు తెలియాలి.

టైఫాయిడ్‌కు కాంజుగేట్ టీకా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటగా ఆమోద ముద్ర వేసిన ఆ టీకా, 2017 డిసెంబరులో, మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిందే. జ్వరం తగ్గాక డాక్టర్‌ను ఆ సంగతి అడగండి, ఇంట్లో ఇంకా పిల్లలుంటే వాళ్ల గురించీ అడగండి.

దగ్గుకు లీవోఫ్లాక్ససిన్ వాడేవాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట. రెండు వారాలు దాటిన దగ్గుకు ఈ మాత్ర వేసుకుంటే, అది టీబీ అయితే కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి, తెమడ పరీక్షకు దొరక్కుండా దాక్కుంటుంది. టీబీ క్రిమికి టోపోఐసోమరేజ్-4 లేదు, ఉన్నదల్లా ఒక్క గైరేజే, దాన్ని ఈ మందు గట్టిగానే పట్టుకుంటుంది. అందుకే మొండి టీబీకి ఇప్పుడిచ్చే ఆరు నెలల కోర్సులో మాక్సిఫ్లాక్ససిన్ ఒక ముఖ్యమైన మందు. దగ్గుకని దాన్ని ముందే అరగదీస్తే రేపు టీబీ రోగికి ఇవ్వడానికి ఏం మిగులుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 68. ఆస్తమాకి స్టెరాయిడ్ మాత్ర వాడతారు. ఛాతీ ఇన్ఫెక్షన్‌కు లీవోఫ్లాక్ససిన్ 750 ఇచ్చారు. మూడో రోజు నుంచి మడమ వెనక నొప్పి, నడిస్తే గుంజుతోంది అంటున్నారు. మాత్రకూ మడమకూ సంబంధం ఉంటుందా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

ఉంటుంది. ఈ జవాబు మీకు ముందే మెయిల్‌లో పంపాను, మిగతావారి కోసం ఇక్కడ ఇస్తున్నాను.

మడమ వెనక తాడులా చేతికి తగిలే నరం లాంటిది ఉంటుంది కదా, అది నరం కాదు, పిక్క కండను మడమ ఎముకకు కట్టే స్నాయువు. ఈ మందులు కొందరిలో దాన్ని వాచేలా చేస్తాయి, అరుదుగా తెగిపోయేలా కూడా. 60 దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. మీ నాన్నగారికి అందులో రెండు ఉన్నాయి. నొప్పి మొదలవగానే మాత్ర ఆపి, ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి వేరే యాంటీబయాటిక్ రాయించుకోవాలి, కాలికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలి, నొప్పి నూనె రాసి మర్దన చేయకూడదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే ఈ హెచ్చరికను నల్ల గడిలో పెట్టి మందు సమాచార పత్రంలో అచ్చు వేయించింది. 2016లో ఇంకో అడుగు వేసి, సైనస్, బ్రాంకైటిస్, మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్‌లకు వేరే మందు ఉంటే ఈ మందులు వాడొద్దంది.

షుగర్‌కు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు ఇవి వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక మాట్లాడటం కనిపిస్తే వెంటనే షుగర్ చూసుకోండి. నడుం పట్టేసిందని టిజానిడిన్ వేసుకుంటున్నవాళ్లు సిప్రో అస్సలు వేసుకోకూడదు, బీపీ పడిపోయి స్పృహ తప్పుతారు. కండరాలను నీరసింపజేసే మయస్తీనియా జబ్బు ఉన్నవాళ్లకు, గుండె బృహద్ధమని ఉబ్బినవాళ్లకు ఈ మందులు వద్దు. ఇవన్నీ మీ డాక్టర్‌కు గుర్తుండకపోవచ్చు, మీరే ముందుగా చెప్పండి.

ప్రశ్న: వనామి చెరువులో రొయ్య తేలిపోతుంటే మేత డీలరు 'ఎన్రో' పొడి కలపమన్నాడు. ఇది మనుషుల మందేనా?
– ఒక రైతు, భీమవరం

అన్నా, ఎన్రోఫ్లాక్ససిన్ పశువుల మందే కానీ జంతువుల ఒంట్లో అది కొంత సిప్రోగా మారుతుంది. కాబట్టి చెరువులో కలిపితే సిప్రో కలిపినట్టే. మన దేశంలో రొయ్యల సాగులో ఫ్లోరోక్వినలోన్లు నిషేధం, పరీక్షలో ఆనవాళ్లు దొరికితే మీ సరుకు ఎగుమతి నుంచి వెనక్కి వస్తుంది. డబ్బు నష్టం కంటే ముందు ఆలోచించాల్సింది వేరే ఉంది. తెల్లమచ్చ జబ్బు వైరస్ వల్ల వస్తుంది, ఆ వైరస్‌కు గైరేజే లేదు. రొయ్య ఎదుగుదలను ఆపే ఈహెచ్‌పీ అనే క్రిమి బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రాల చుట్టం. ఈ రెండింటికీ ఆ పొడి వీసమెత్తు పనిచేయదు. చచ్చిన రొయ్యలను, చెరువు నీళ్లను ల్యాబ్‌కు పంపి అసలు జబ్బేదో తేల్చుకోండి. పొడి కొన్న డబ్బు ఆ పరీక్షకు పెట్టండి.

ప్రశ్న: పటాన్‌చెరు పక్కన ఇల్లు కొనుక్కున్నాం. ఇక్కడి నీళ్లలో సిప్రో ఉందని ఎక్కడో చదివి టెన్షన్ పట్టుకుంది. బోరు నీళ్లు కాచి తాగితే పోతుందా?
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

మీరు చదివింది 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన లెక్క అయి ఉంటుంది. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో వాళ్లకు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో దొరికింది. 500 మిల్లీగ్రాముల మాత్ర మింగినవాళ్ల రక్తంలో గరిష్ఠంగా ఉండేది లీటరుకు రెండున్నర మిల్లీగ్రాముల లోపే. అంటే శుద్ధి అయిందన్న నీటిలో రోగి రక్తంలో కంటే పది రెట్లు ఎక్కువ. ఒక్క రోజులో అక్కడి నుంచి పోయే సిప్రో 45 కిలోలని, స్వీడన్ దేశం మొత్తానికి ఐదు రోజుల వాడకమని వాళ్లు లెక్క కట్టారు. ఆ నీళ్లు అప్పట్లో ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి పోయేవి. తర్వాత ఆ వాగు మట్టిలో వెతికితే, నేను పైన చెప్పిన క్యూఎన్‌ఆర్ జన్యువులు గుట్టలుగా దొరికాయి. మనం ప్లేటు మీద 5 మైక్రోగ్రాముల బిళ్ల పెట్టి బ్యాక్టీరియాను పరీక్షిస్తాం, అక్కడ వాగు మొత్తాన్నే ఏళ్ల తరబడి పరీక్షకు పెట్టారు.

ఆ కొలత పాతది, మీ బోరులో ఇవాళ ఎంత ఉందో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. కాచితే బ్యాక్టీరియా చస్తుంది, మందు మాత్రం పోదు, సిప్రో వేడికి తట్టుకుంటుంది. తాగడానికి, వంటకు శుద్ధి చేసి కొళాయికి ఇచ్చే సరఫరా నీళ్లో మంచి ఆర్‌ఓ నీళ్లో వాడుకోండి, బోరు నీళ్లు మిగతా పనులకు ఉంచండి. కాలనీ సంఘం తరఫున కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టి బోరు నీటి పరీక్ష రిపోర్టు అడగండి. మందుల ఫ్యాక్టరీలు వదిలే నీటిలో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, అర్జీలో ఆ మాట రాయండి. ఇది అడగడం మీ హక్కు, అడుగుతూనే ఉండండి.

ప్రశ్న: పోయిన ఏడాది లీవో కోర్సులో నాలుగు మాత్రలు మిగిలితే ఫ్రిజ్‌లో దాచాను. విరేచనాలకు పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, విజయనగరం

పనికిరావు. విరేచనాల్లో ఎక్కువ భాగం వాటంతట అవే తగ్గుతాయి, కావాల్సింది ఓఆర్‌ఎస్, పిల్లలకైతే జింక్ కూడా. మలంలో రక్తం, గట్టి జ్వరం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, అప్పుడు కూడా దాచిన మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. స్ట్రిప్ తిప్పి చూడండి, ఎర్ర గళ్లలో హెచ్చరిక ఉంటుంది. లీవోఫ్లాక్ససిన్ హెచ్1 జాబితా మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవాళ్లు రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ నాలుగింటినీ సింకులోనూ బాత్రూంలోనూ పడేయకండి, పైన చెప్పిన వాగు సంగతి చదివారుగా. స్ట్రిప్పులోంచి తీసి, వాడేసిన కాఫీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవరులో మూట కట్టి చెత్త బండికి విడిగా ఇవ్వండి.